కనిపించని పగ్గాలు: బొమ్మ కార్లు, పాత రేడియో ట్రాన్స్‌మిటర్ల చరిత్ర



పాత సామాన్ల అంగడిలో మీకొక పెట్టె దొరికిందనుకోండి. రెండు చేతులతో పట్టుకునేంత ఉంటుంది. ముందువైపు బొటనవేళ్ళతో కదిపే రెండు చిన్న కర్రలు, పైన లాగితే దాదాపు మీటరు దాకా సాగే ఏరియల్, వెనక ఎనిమిది పెన్సిల్ సెల్లులు పట్టే అర. ఒక మూల చిన్న గూట్లో గోరంత లోహపు ముక్క గుచ్చి ఉంటుంది. దాని మీద ఒక రంగు చీటీ, ఒక అంకె. ఇది 1970లలోనో, 1980లలోనో తయారైన రిమోటు కారు ట్రాన్స్‌మిటర్. ఎవరో విదేశం నుంచి తెచ్చి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటక ఎక్కించి ఉంటారు. ఇంట్లో దొరికితే చాలామంది దీన్ని పాత ఇనుము కింద అమ్మేస్తారు.

అమ్మేయవద్దని చెప్పడానికే ఈ పాఠం. ఆ పెట్టెను విప్పి చూస్తే రేడియో చరిత్రలో దాదాపు నూరేళ్ళు కనిపిస్తాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, లోపలి భాగాలు కంటికి కనిపించేంత పెద్దవి, విడివిడిగా ఉంటాయి. ఇవాళ్టి పరికరంలో మొత్తం పనిని ఒక నల్లటి చిప్ చేసేస్తుంది; అందులో చూసి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అయితే పాత ట్రాన్స్‌మిటర్‌తో కారు నడపడంలో కొన్ని ప్రమాదాలూ ఉన్నాయి. వాటిని కూడా దాచకుండా చెప్పుకుందాం. ముందు కథ మొదటి నుంచి చూద్దాం.

గంట మోగింది, పడవ తిరిగింది

విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని జర్మనీలో హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరాల్లో ప్రయోగాలు చేసి నిరూపించాడు. వాటిని పసిగట్టడానికి ఫ్రాన్స్‌లో బ్రాన్లీ 1890లో ఒక చిత్రమైన సాధనం కనిపెట్టాడు. గాజు గొట్టంలో ఇనుప రజను పోసి రెండు చివర్లా తీగలు పెట్టాడు. మామూలుగా ఆ రజను విద్యుత్తును సరిగ్గా పోనివ్వదు. దగ్గర్లో తరంగం పుడితే రేణువులు ఒకదానికొకటి అతుక్కున్నట్టయి విద్యుత్తు పారుతుంది. దీనికే కోహెరర్ అని పేరు. ఒక తరంగాన్ని పసిగట్టాక గొట్టాన్ని తట్టి రజనును మళ్ళీ విడగొట్టాలి. లేకపోతే రెండో సంకేతం దానికి తెలియదు.

మన దేశంలో జగదీశ్ చంద్రబోస్ 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఒక ప్రదర్శన ఇచ్చారు. కంటికి కనిపించని తరంగాలు అడ్డుగా ఉన్న గోడలను దాటి వెళ్ళి దూరాన ఉన్న గంటను మోగించాయి, తుపాకి మందును పేల్చాయి. ఈ ప్రదర్శనను మనం సాధారణంగా తంతిలేని సమాచారం అనే శీర్షిక కింద చదువుకుంటాం. నా దృష్టిలో అది దూర నియంత్రణ కూడా. అక్కడ ఏ వార్తా పంపలేదు. దూరంగా ఉన్న వస్తువు చేత ఒక పని చేయించారు. గంట మోగించడానికీ, కారు చక్రం తిప్పడానికీ సూత్రంలో తేడా లేదు.

కదిలే వాహనాన్ని రేడియోతో నడిపి చూపించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ భవనంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఒక నీటి తొట్టిలో చిన్న ఇనుప పడవను వదిలాడు. పడవలో బ్యాటరీ, మోటారు, చుక్కాని, దీపాలు, వాటితోపాటు ఒక కోహెరర్. సంకేతం అందిన ప్రతిసారీ కోహెరర్ తిరగబడి రజను విడిపోయే ఏర్పాటు కూడా ఉంది. టెస్లా దూరం నుంచి మీట తిప్పితే పడవ మలుపు తిరిగింది, దీపాలు వెలిగాయి. చూసినవాళ్ళలో కొందరు లోపల కోతి ఉందేమోనని అనుమానించారని చెప్పుకుంటారు. ఆ కథ నిజమైనా కాకపోయినా పేటెంటు మాత్రం మనముందు ఉంది. దాని సంఖ్య 6,13,809, మంజూరైన తేదీ 1898 నవంబరు 8. దాని శీర్షికలో పడవలు అని మాత్రమే రాసి ఊరుకోలేదు, వాహనాలు అనే మాటా చేర్చాడు. అంటే బొమ్మ కారు పుట్టడానికి చాలా ఏళ్ళ ముందే కాగితం మీద దానికి చోటు దొరికింది.

నేల మీద చక్రాల బండిని నడిపిన ఘనత స్పెయిన్ దేశపు ఇంజనీరు లియొనార్డో టోరెస్ కెవెడోది. 1903లో ఆయన తన యంత్రానికి టెలికినో అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. 1904లో దానితో ఒక మూడు చక్రాల బండిని మనిషి లేకుండా నడిపించాడు. దూరం ఇరవై ముప్పై మీటర్లకు మించలేదు. 1906లో బిల్బావో రేవులో స్పెయిన్ రాజు చూస్తుండగా ఒక పడవను నడిపాడు. ఎన్ని సంకేతాలు పంపితే అన్ని మెట్లు ముందుకు తిరిగే ఒక చక్రం ఆ యంత్రానికి ప్రాణం. ఒక సంకేతానికి ఒక పని, రెండింటికి ఇంకో పని. ఈ లెక్కపెట్టే పద్ధతిని గుర్తు పెట్టుకోండి; మళ్ళీ అవసరమవుతుంది.

రబ్బరు బ్యాండూ, హార్మోనియం నాలుకలూ

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో దూర నియంత్రణ సైన్యాల చేతికి వెళ్ళింది. దాన్ని సరదాకి, చదువుకి వాడుకున్నవాళ్ళు ఔత్సాహిక రేడియో అభిమానులు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో గఫ్ అనే చిన్న విమానాన్ని రేడియోతో ఎగరేశారు. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. బొమ్మ కార్లు వాడే సాంకేతికత చాలావరకు ఈ బొమ్మ విమానాల కోసం పుట్టిందే. విమానంలో సంకేతం తప్పితే వస్తువే నేలకూలుతుంది కాబట్టి విమానాలవాళ్ళు ముందుగా మేలైన పద్ధతులు వెతుక్కున్నారు. కార్లవాళ్ళు తర్వాత వాటిని అందుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన సెట్లలో ట్రాన్స్‌మిటర్‌కు ఒకే ఒక బొత్తాం ఉండేది. దాన్ని నొక్కితే తరంగం వెళుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఇంత మూగ సంకేతంతో కుడికీ ఎడమకీ ఎలా తిప్పడం? దీనికి ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటు చేశారు. మెలితిప్పిన రబ్బరు బ్యాండు బలంతో తిరగాలని చూసే చిన్న చక్రాన్ని ఒక కొక్కెం ఆపి ఉంచుతుంది. సంకేతం అందగానే విద్యుదయస్కాంతం ఆ కొక్కేన్ని తప్పిస్తుంది, చక్రం పావు చుట్టు తిరిగి ఆగుతుంది. మొదటిసారి నొక్కితే కుడి, వదిలితే తిన్నగా, రెండోసారి నొక్కితే ఎడమ, వదిలితే మళ్ళీ తిన్నగా. ఇప్పుడు ఏ వంతు నడుస్తోందో ఆడించేవాడే గుర్తుపెట్టుకోవాలి. వంతు మరిచిపోతే కుడికి తిప్పబోయి ఎడమకి తిప్పేస్తాడు. రబ్బరు బ్యాండు మెలి అయిపోతే ఇక దేనికీ తిరగదు.

తర్వాత వచ్చిన రీడ్ పద్ధతి మన సంగీతం తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. హార్మోనియంలో ఒక్కో మెట్టుకు ఒక్కో ఇత్తడి నాలుక ఉంటుంది కదా, పొడవును బట్టి స్వరం మారుతుంది. గ్రాహకంలో అలాగే వేర్వేరు పొడవుల ఉక్కు నాలుకలను వరసగా అమర్చారు. ట్రాన్స్‌మిటర్ రేడియో తరంగం మీద ఒక స్వరాన్ని ఎక్కించి పంపుతుంది. ఆ స్వరానికి సరిపోయే నాలుక మాత్రమే అనునాదం వల్ల గట్టిగా కంపించి తన స్విచ్చును తాకుతుంది. కుడికి ఒక స్వరం, ఎడమకు ఇంకొకటి. భౌతికశాస్త్రంలో అనునాదం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయినా ఇక్కడా ఒక లోటు ఉంది. పూర్తిగా కుడి, పూర్తిగా ఎడమ అంతే. కొంచెం కుడి అనడానికి వీల్లేదు.

మిల్లీ సెకన్ల భాష

ఆ కొంచెం అనే మాటను యంత్రానికి నేర్పింది 1960ల తొలి సంవత్సరాల్లో వచ్చిన డిజిటల్ ప్రొపోర్షనల్ పద్ధతి. మీకు దొరికిన పెట్టె ఈ రకానిదే. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

కర్ర కింద ఒక పొటెన్షియోమీటర్ ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచే మీట లోపల ఉండేది కూడా ఇదే. కర్ర కదిలితే దాని నిరోధం మారుతుంది. ఆ నిరోధాన్ని బట్టి ఒక వలయం కాలవ్యవధిని తయారు చేస్తుంది. కర్ర మధ్యలో ఉంటే సుమారు 1.5 మిల్లీ సెకన్లు, ఒక చివర ఉంటే 1 మిల్లీ సెకను, రెండో చివర ఉంటే 2 మిల్లీ సెకన్లు. సెకనులో వెయ్యోవంతు మిల్లీ సెకను. మొదట ఒక కర్ర వ్యవధి, వెంటనే రెండో కర్ర వ్యవధి, ఆ తర్వాత ఒక పెద్ద విరామం. ఆ విరామం చూసి గ్రాహకం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలని తెలుసుకుంటుంది. ఈ మొత్తం వరస సుమారు 20 మిల్లీ సెకన్లకొకసారి, అంటే సెకనుకు దాదాపు 50 సార్లు జరుగుతుంది.

గాలిలో ఇది ఎలా ప్రయాణిస్తుంది? ఆనాటి ఏఎం సెట్లలో వాహక తరంగం ఎడతెగకుండా వెలువడుతూ ఉంటుంది. ఒక్కో వ్యవధి ముగిసిన చోట రెప్పపాటులో చిన్న భాగమంత సేపు తరంగాన్ని ఆపి మళ్ళీ వదులుతారు. రెండు ఆపుదలల మధ్య ఎంత కాలం గడిచిందన్నదే సందేశం.

గ్రాహకం ఆ వ్యవధులను విడదీసి ఒకటి స్టీరింగ్ సర్వోకు, ఒకటి వేగం చూసే సర్వోకు అందిస్తుంది. సర్వో అంటే చిన్న డబ్బా. అందులో బుల్లి మోటారు, పళ్ళ చక్రాలు, ఇంకొక పొటెన్షియోమీటర్ ఉంటాయి. సర్వో తన చెయ్యి ప్రస్తుతం ఏ స్థానంలో ఉందో దానికి సరిపోయే స్పందాన్ని తానూ తయారు చేసుకుని, వచ్చిన స్పందంతో పోల్చి చూస్తుంది. తేడా ఉన్నంతసేపూ మోటారు తిరుగుతుంది. తేడా పోగానే ఆగుతుంది. మీరు కర్రను రవ్వంత కదిపితే ముందు చక్రాలు రవ్వంత తిరగడం వెనక ఉన్న సంగతి ఇదే.

విశేషం ఏమిటంటే ఈ 1.5 మిల్లీ సెకన్ల ఒప్పందం ఇప్పటికీ చెలామణిలో ఉంది. మీ కళాశాల ప్రయోగశాలలో రోబో చేతికి తగిలించే సర్వో కూడా ఈ భాషే మాట్లాడుతుంది. తయారీదార్లు మారారు, వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, అవి పోయి చిప్‌లు వచ్చాయి. భాష మాత్రం దాదాపు అలాగే నిలిచింది. పాత ట్రాన్స్‌మిటర్‌ను ఇవాళ్టి కారుకు కలపగలగడానికి మూలం ఇక్కడే ఉంది.

ఒక్క మాట. బజారులో తక్కువ ధరకు దొరికే ఆటబొమ్మ రిమోటు కార్లు ఈ జాతివి కావు. వాటిలో ఎక్కువ భాగం స్పందాల సంఖ్యను లెక్కపెట్టి పని చేస్తాయి. ఇన్ని స్పందాలొస్తే ముందుకు, అన్నొస్తే కుడికి అన్నమాట. టోరెస్ కెవెడో టెలికినో పద్ధతి చిప్‌లో దూరి మళ్ళీ వచ్చిందనుకోవచ్చు.

కార్లు వచ్చాయి

ఇటలీలోని ఎల్-జి అనే సంస్థ 1966లో ఫెరారీ 250 ఎల్ఎం నమూనాలో రేడియో కారును తెచ్చింది. అమ్మకానికి వచ్చిన తొలి రేడియో కార్లలో దాన్ని చెప్పుకుంటారు. బ్రిటన్, అమెరికాల్లో చిన్న ఇంజన్లతో పరిగెత్తే కార్లూ వచ్చాయి.

ఈ ఆటను ఇంటింటి ఆటగా మార్చింది మాత్రం జపాన్‌కు చెందిన టామియా. అది అచ్చు ప్లాస్టిక్ నమూనాలు చేసే సంస్థ. పోర్షే కారు నమూనా ఖచ్చితంగా రావాలని ఒక నిజం పోర్షేను కొని భాగాలన్నీ విప్పి కొలతలు తీసుకున్నారు. ఆ శ్రమంతా ఒక్క బొమ్మకే ఖర్చయిపోకుండా అదే శరీరానికి మోటారు పెట్టి 1976లో పోర్షే 934ను రేడియో కారుగా విడుదల చేశారు. 1979లో ఇసుకలోనూ బురదలోనూ నడిచే శాండ్ స్కార్చర్ వచ్చింది. దాని గ్రాహకం, సర్వోలు నీరు చొరని పారదర్శక పెట్టెలో ఉండేవి. 1984లో గ్రాస్‌హాపర్ వచ్చింది. అప్పటి పిల్లల్లో ఎందరికో అదే మొదటి కారు. ఈ కార్లను వాళ్ళు కొని తెచ్చి ఆడుకోవడమే కాదు, పెట్టెలో విడిభాగాలుగా వచ్చినదాన్ని తామే స్క్రూడ్రైవరు పట్టి బిగించుకున్నారు.

వీటి విద్యుత్తు లెక్క చూడండి. 1.2 వోల్టుల నికెల్-కాడ్మియం సెల్లులు ఆరు వరసగా కలిపితే 7.2 వోల్టులు, ఇది మోటారుకు. చాలా పాత కార్లలో గ్రాహకానికీ సర్వోలకూ వేరుగా నాలుగు పెన్సిల్ సెల్లులు, అంటే 6 వోల్టులు ఉండేవి. వేగం మార్చడానికి ఎలక్ట్రానిక్ వలయం లేదు. సర్వో ఒక లోహపు చేతిని కదిపితే అది మూడు నాలుగు బిళ్ళల మీదుగా జరుగుతుంది. నిదానమైన వేగాల్లో మిగులు విద్యుత్తు ఒక పింగాణీ నిరోధకంలో వేడిగా మారిపోతుంది. చెయ్యి తగిలితే చురుక్కుమంటుంది. ఈ ఏర్పాటును గుర్తుంచుకోండి. ప్రమాదం సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తాను.

కార్ల గురించి మాట్లాడుతూ చంద్రుణ్ణి వదిలేయడం అన్యాయం. 1970 నవంబరు 17న సోవియట్ యూనియన్ చంద్రుడి మీద దింపిన లూనోఖోద్-1 కూడా రేడియో కారే. భూమి మీద అయిదుగురు కూర్చుని దాన్ని నడిపారు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రేడియో తరంగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు వెళ్ళినా పోయి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. గుంత కనిపించి ఆపమని చెప్పేలోగా బండి ఎంత దూరం పోతుందో మీరే లెక్క వేయండి. 2023 ఆగస్టులో మన ప్రజ్ఞాన్ చంద్రుడి మీద నెమ్మదిగా కదలడం చూసి విసుక్కున్నవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

రంగు జెండాలు

ఇక గూట్లో గుచ్చి ఉన్న ఆ లోహపు ముక్క సంగతి. అందులో పలుచని క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. దాన్ని కోసిన మందాన్ని బట్టి అది ఒకే ఒక పౌనఃపున్యం దగ్గర కంపిస్తుంది. 27 మెగాహెర్ట్జ్ పట్టీలో ఆరు స్థానాలు ప్రసిద్ధం: 26.995 గోధుమ రంగు, 27.045 ఎరుపు, 27.095 నారింజ, 27.145 పసుపు, 27.195 ఆకుపచ్చ, 27.255 నీలం. ఏరియల్ కొసకు ఆ రంగు జెండా కట్టుకుని మైదానంలోకి రావడం మర్యాద. ఇద్దరు పసుపు జెండాలవాళ్ళు ఒకేసారి స్విచ్ వేస్తే రెండు కార్లూ ఎవరి మాటా వినవు. అందుకని క్లబ్బుల్లో ఒక బోర్డు మీద రంగు కొక్కేలు పెట్టేవారు. నీ రంగు కొక్కెం నీ చేతిలో ఉంటేనే నీ ట్రాన్స్‌మిటర్ వెలగాలి. దీనికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. కారు గోడకు గుద్దుకుని ముక్కలవుతుందన్న భయమే సరిపోయింది.

స్ఫటికాలు జతగా వస్తాయి, ఒకటి ట్రాన్స్‌మిటర్‌కు, ఒకటి గ్రాహకానికి. రెండూ ఒకటి కావు. గ్రాహకం స్ఫటికం 455 కిలోహెర్ట్జ్ తక్కువగా ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో 27.145 ఉంటే గ్రాహకంలో 26.690. గ్రాహకం ఈ రెండింటి తేడాను తీసుకుని ఆ 455 కిలోహెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని పెంచుతుంది. ఇంట్లో మీడియం వేవ్ రేడియో విప్పి చూసినవాళ్ళకు తెలిసిన అంకే ఇది. అందులోని రంగు తలల చిన్న డబ్బాలు ఈ పౌనఃపున్యానికే సవరించి ఉంటాయి. తెలియక స్ఫటికాలను అటూ ఇటూ మార్చి పెడితే ఏమవుతుంది? ట్రాన్స్‌మిటర్ 27.145కు బదులు 26.690 దగ్గర పలుకుతుంది.  స్ఫటికం మీద ట్రాన్స్‌మిటర్‌దా, గ్రాహకానిదా అని గుర్తు ఉంటుంది. ముందు అది చూడండి.

ఈ పట్టీలో ఇరుగుపొరుగులు కూడా ఎక్కువే. అమెరికాలో 1958లో సామాన్య ప్రజల మాటామంతీ రేడియోలకు 27 మెగాహెర్ట్జ్ దగ్గరే చోటిచ్చారు. 1970లలో లారీ డ్రైవర్లు మొదలు అందరూ వాటిని కొనేసరికి వాటి సందుల్లో ఒదిగి ఉన్న బొమ్మ కార్లకు ఊపిరాడలేదు. బ్రిటన్‌లోనూ అదే తంతు. అక్కడ బొమ్మ విమానాలను 35 మెగాహెర్ట్జ్‌కు, నేల మీద తిరిగే నమూనాలను 40 మెగాహెర్ట్జ్‌కు తరలించారు.

బయటి శత్రువు కంటే లోపలి శత్రువు దగ్గరగా ఉంటుంది. కారు మోటారులో బ్రష్షులు రాసుకునే చోట నిప్పురవ్వలు పుడతాయి. హెర్ట్జ్ తన తరంగాలను పుట్టించింది ఇలాంటి రవ్వలతోనే కదా! ఆ రవ్వలు అన్ని పౌనఃపున్యాల్లోనూ గోల చేస్తాయి, ఏఎం గ్రాహకం ఆ గోలను కూడా సంకేతమే అనుకుంటుంది. చక్రాలు గజగజ వణుకుతాయి. మందు తేలిక. 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు తీసుకుని, మోటారు రెండు కొనల మధ్య ఒకటి, ఒక్కో కొన నుంచి మోటారు డొక్కుకు ఒకటి చొప్పున టంకం పెట్టండి.

ఒక నటి, ఒక సంగీతకారుడు

రంగు జెండాల కాలం 2000ల మధ్య నుంచి ముగియడం మొదలైంది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాయి. వీటిలో మూలమైన ఆలోచనల్లో ఒకటి, ఒకే పౌనఃపున్యానికి అంటిపెట్టుకోకుండా గంతులు వేస్తూ పోవడం. హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి 1942 ఆగస్టు 11న ఈ ఆలోచనకు అమెరికాలో పేటెంటు పొందారు. శత్రువు అడ్డుకోలేని టార్పెడో వాళ్ళ లక్ష్యం. దానంతట అదే వాయించే పియానోలో రంధ్రాల కాగితపు చుట్ట ఉంటుంది కదా, అలాంటి చుట్టలు ఓడలో ఒకటి, టార్పెడోలో ఒకటి ఒకే లయలో తిరిగితే రెండూ కలిసి 88 పౌనఃపున్యాల మధ్య గంతులు వేయగలవని వాళ్ళ లెక్క. పియానో మెట్లు కూడా 88.

ఇప్పటి సెట్టులో ప్రతి ట్రాన్స్‌మిటర్‌కూ ఒక సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. కారు ఆ సంఖ్యను ఒకసారి నేర్చుకుంటే వేరేవాళ్ళ మాట వినదు. ఏరియల్ కూడా కుదించుకుపోయింది. 27 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. పావు వంతు ఏరియల్ కావాలన్నా 2.8 మీటర్లు. అందుకే మీటరు కడ్డీకి అడుగున తీగ చుట్ట కలిపి సర్దుకున్నారు. 2.4 గిగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, పావు వంతు 3 సెంటీమీటర్ల చిల్లర.

ఆ పెట్టెను ఏం చేయాలి?

ఇప్పుడు మీ చేతిలోని పాత ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వద్దాం. ముందు సెల్లుల అర తెరవండి. పచ్చగానో, తెల్లగానో చిట్లి ఉంటే చేత్తో తాకవద్దు. పాత నికెల్-కాడ్మియం సెల్లుల్లోని కాడ్మియం విషం. వాటిని చెత్తకుండీలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. కర్రల కింది పొటెన్షియోమీటర్ల కర్బన పూతకు దుమ్ము పట్టి ఉంటుంది, కాంటాక్ట్ క్లీనర్ చల్లి పదిసార్లు కదిపితే వణుకు తగ్గుతుంది. ఏరియల్ విరిగిపోయి ఉంటే స్విచ్ వేయవద్దు. బయటికి దారి లేని శక్తి చివరి ట్రాన్సిస్టర్‌కు చేటు తెస్తుంది. కారులోని గ్రాహకం తీగ పొడుగ్గా ఉందని కత్తిరించకండి, ఆ పొడవుకే దాన్ని సవరించారు.

ఇంతవరకు సరిగ్గా ఉంటే అది నడుస్తుంది. నడిచాక రెండు దారులున్నాయి. ఒకటి, ఉన్నది ఉన్నట్టు వాడడం. రెండోది, లోపలి రేడియో భాగాన్ని మాత్రం పక్కన పెట్టి, కర్రల నుంచి వచ్చే ఆ మిల్లీ సెకన్ల స్పందాల వరసను 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూలుకు అందించడం. పెట్టె పాతదే, కర్రల స్పర్శ పాతదే, గాలిలో ప్రయాణం కొత్తది. పాత ట్రాన్స్‌మిటర్‌లో ఎనిమిది సెల్లుల 9.6 నుంచి 12 వోల్టులు ఉంటాయి. మాడ్యూలు ఎంత తట్టుకుంటుందో చూసి మధ్యలో రెగ్యులేటర్ పెట్టాలి. కొన్ని పాత సెట్లలో స్పందాలు తలకిందులుగా వస్తాయి, ఒక ట్రాన్సిస్టర్‌తో తిప్పుకోవచ్చు. సర్వో ప్లగ్గులో మూడు తీగల వరస కూడా సంస్థను బట్టి మారేది. మల్టీమీటరుతో చూడకుండా గుచ్చితే సర్వో కాలిపోతుంది.

రెండో దారిని కొందరు పెద్దలు పాపంగా చూస్తారు, పాత వస్తువు పాతగానే ఉండాలంటారు. ఎవరో లేని బజారులో, ఖాళీ మైదానంలో ఒక్కరే నడుపుకునేటట్టయితే వాళ్ళ మాట నాకూ నచ్చుతుంది. పిల్లలు తిరిగే చోట మాత్రం నేను కొత్త మాడ్యూలు వైపే ఉంటాను. కారణం చెబుతాను. పాత ఏఎం గ్రాహకానికి సంకేతం తెగిపోయిందన్న తెలివి లేదు. ట్రాన్స్‌మిటర్ సెల్లులు అయిపోయిన క్షణంలో కారు పూర్తి వేగంతో వెళుతుంటే సర్వో అక్కడే ఆగిపోవచ్చు, లేదా గాలిలో గోలను బట్టి ఎటుబడితే అటు తిరగవచ్చు. కిలోన్నర బరువున్న కారు వేగంగా వచ్చి కాలికి తగిలితే ఎలా ఉంటుందో ఊహించండి. కొత్త గ్రాహకం సంకేతం తెగగానే వేగాన్ని సున్నాకు తెస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. పాత కారులో మోటారుకు ఒక బ్యాటరీ, గ్రాహకానికి వేరే నాలుగు సెల్లులు అని చెప్పాను కదా. ఆ నాలుగు సెల్లులు అయిపోతే కొత్త గ్రాహకమైనా ఏం చేస్తుంది? సర్వోను వెనక్కి తిప్పడానికి దానికే శక్తి లేదు. లోహపు చెయ్యి పూర్తి వేగం బిళ్ళ మీదే ఉండిపోతుంది, 7.2 వోల్టుల బ్యాటరీ మోటారును తిప్పుతూనే ఉంటుంది. కాబట్టి పాత కారులో మొదట మార్చాల్సింది రేడియోను కాదు, వేగ నియంత్రణను. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ పెడితే గ్రాహకానికీ మోటారుకూ ఒకే బ్యాటరీ సరిపోతుంది. స్పందాలు ఆగితే మోటారుకు విద్యుత్తు ఆగుతుంది. విప్పిన పాత భాగాలను పారేయకుండా ఒక సంచిలో వేసి, ఏ తీగ ఎక్కడిదో కాగితం మీద రాసి పెట్టండి. తీగలు కత్తిరించకుండా ప్లగ్గులతోనే పని జరిపితే రేపు ఎవరైనా దాన్ని తొలిరూపానికి తేగలరు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో సాధనం దగ్గర ఉంచుకోవడానికే అనుమతి అవసరమయ్యేది. పౌనఃపున్యాల పంపకం చూసే వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం 1952లో ఏర్పడింది. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి సాధనాలకు లైసెన్సు అక్కర్లేదని 2005లో నియమాలు వచ్చాయి. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు 5 వాట్లు మించని సాధనాలకూ మినహాయింపు ఇచ్చారు. పైన చెప్పిన ఆరు రంగులూ ఈ హద్దుల్లోనే ఉన్నాయి. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. విదేశం నుంచి వచ్చిన 35, 40, 72, 75 మెగాహెర్ట్జ్ సెట్టు చేతికందితే మాత్రం విచారించకుండా స్విచ్ వేయకండి. మరో దేశంలో బొమ్మకు ఇచ్చిన చోటు ఇక్కడ వేరే సేవకు ఇచ్చి ఉండవచ్చు. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఔత్సాహిక రేడియో నేర్చుకోవాలనుకునేవారికి శిక్షణ ఇస్తూ వచ్చింది. ఇలాంటి సందేహాలు హామ్ రేడియో తెలిసినవారిని అడిగితే తీరుతాయి.

మొదటిసారి నడిపే రోజు కారును రెండు పుస్తకాల మీద పెట్టండి, చక్రాలు నేలకు తగలకూడదు. ముందు ట్రాన్స్‌మిటర్ స్విచ్, తర్వాత కారు స్విచ్. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత ట్రాన్స్‌మిటర్. 27 మెగాహెర్ట్జ్ సెట్టయితే ఏరియల్‌ను పూర్తిగా మూసి, స్టీరింగ్ కర్ర కదుపుతూ వెనక్కి నడవండి; చక్రాలు తడబడడం మొదలైన చోట మీ స్నేహితుడు చెయ్యెత్తాలి. మోటారు ఆపి ఒకసారి, తిప్పుతూ ఒకసారి ఇలా కొలవండి. మోటారు తిరుగుతున్నప్పుడు దూరం బాగా తగ్గితే కెపాసిటర్ల టంకం చూసుకోవాలి. రెండు దూరాలనూ తేదీతో సహా ఒక చీటీ మీద రాసి ట్రాన్స్‌మిటర్ అడుగున అంటించండి. వచ్చే నెల కొలత తగ్గితే ముందు సెల్లులు మార్చి చూడండి.